ఎడమ సీటు ముందు మూడు మీటర్లు

2022 ఎండాకాలం. నాగర్‌కర్నూల్‌లో కొల్లాపూర్ రోడ్డు మీద నా ఆటో ఎలక్ట్రికల్ షాపు. పని నేర్చుకున్నది గద్వాలలో, చేయి తిరిగింది వనపర్తిలో, సొంతంగా షట్టర్ ఎత్తింది ఇక్కడ. ఇప్పుడొచ్చే బండ్లకు నాలాంటి వాళ్ళతో పెద్దగా పని లేదు, అన్నీ స్క్రీన్లతోనే దిగుతున్నాయి. పాత బండ్లను వదలలేని వాళ్ళే నా దగ్గరికి వస్తారు. వాళ్ళలో చాలామంది అడిగేది అదనపు మీటర్లు. ఇంజిన్ ఎంత వేడెక్కింది, ఆయిల్ ప్రెషర్ ఎంతుంది, బ్యాటరీకి చార్జింగ్ అందుతోందా లేదా అని ముల్లుతో చూపించే గుండ్రటి మీటర్లు. పాత కార్లలో ఇవి ఉండవు, ఉన్నా ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి.

చూసేవాళ్ళకు ఇది చాలా చిన్న పని. రెండు వైర్లు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, ముల్లు కదిలిందంటే అయిపోయిందనుకునే మేస్త్రీలు మా లైనులోనే ఉన్నారు. తర్వాత ఆ బండి ఏ అడవిలోనో ఆగిపోతే మీటరు మంచిది కాదంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు. నాకు అట్లాంటి పని చూస్తే ఒళ్ళు మండుతుంది.

కొంచెం వివరంగా చెబుతాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వేడిని కొలిచేది డాష్‌బోర్డు మీది మీటరు కాదు. ఇంజిన్‌లో నీళ్ళు తిరిగే చోట ఇత్తడి బుడిపెలాంటి సెన్సర్ ఒకటి బిగిస్తాం. దాని నుంచి ఒక వైరు ఇంజిన్‌కూ డ్రైవరుకూ మధ్య ఉండే రేకులోంచి లోపలికి వచ్చి మీటరును చేరుతుంది. రేకుకు చేసిన బెజ్జం అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి అందులో గ్రోమెట్ అనే రబ్బరు రింగు పెట్టాలి. పెట్టకపోతే బండి కుదుపులకు వైరు తొడుగు గీరుకుపోయి, లోపలి రాగి రేకుకు తగులుతుంది. అప్పుడు ఇంజిన్ చల్లగా ఉన్నా సరే, ముల్లు ఎగిరి చివరి ఎర్రగీత మీద పడుతుంది. నా షాపులో గ్రోమెట్ లేకుండా ఒక్క వైరు కూడా రేకు దాటదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

ఆ ఎండాకాలంలో ఒక పొద్దున తెల్లటి పాత డీజిల్ అంబాసిడర్ వచ్చి షాపు ముందు ఆగింది. దిగిన మనిషి నాకంటే కొంచెం పెద్ద. పేరు కుర్మయ్య. సోమశిల దగ్గరి ఊరు. జీవితమంతా బోరుబండి మీద డ్రిల్లర్‌గా పనిచేశాడు. పాలమూరు నేలలో నీళ్ళ కోసం ఎన్ని బోర్లు వేశాడో ఆయనకే లెక్క లేదు. ఆ కంప్రెసర్ మోతకు చెవులు దెబ్బతిన్నాయి. పని మానేసినప్పుడు బోరుబండి సేటు తన పాత కారు ఆయనకు ఇచ్చేశాడు.

"తమ్మీ, ఇంజన్ చప్పుడు నాకు వినొస్తలేదు. కండ్లతోని చూసేటట్టు ఏమన్న పెట్టు" అన్నాడు.

నాకు భయం వేసింది. దగ్గరికి జరిగి గట్టిగా అడిగాను. "అన్నా, మరి ఎన్కకెల్లి లారోడు హారన్ కొడితే ఎట్ల?"

"అది వినొస్తది. మోటు చప్పుళ్ళన్ని వినొస్తయి. సన్నయే పోయినయి. బెల్టు కీచుమన్నది వినొస్తలేదు. మొన్న గట్లనే బెల్టు తెగిపోయి ఇంజన్ ఉడికిపోయింది. గుట్ట కాడ పొద్దుమూకె దాంక కూసున్నం. ఆ దినం ఈమెకు డయాలసిస్ తప్పిపోయింది."

అప్పుడు చూశాను. ముందు సీటులో ఆయన భార్య మణెమ్మ కూర్చుని ఉంది. ముఖం ఉబ్బి ఉంది, కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. ఎడమ చేతికి పట్టీ. రెండు కిడ్నీలూ పాడైపోయి, వారంలో రెండు మూడుసార్లు ఇక్కడి దవాఖానకు తీసుకొచ్చి రక్తం శుభ్రం చేయించాలి. అది ఒక్కసారి తప్పినందుకే మర్నాడు ఆమెకు దమ్ము ఆడక ప్రాణం మీదికి వచ్చిందట. బస్సులో తెద్దామంటే, డయాలసిస్ అయ్యాక ఆమె నిలబడలేదు. అంటే ఆ పాత కారు దారిలో ఆగకుండా ఉండటం మీదే ఆమె బతుకు ఉంది. ఆ సంగతి అర్థమయ్యాక ఇంక నేను వాదించలేదు.

వేడి మీటరు, ఆయిల్ మీటరు, చార్జింగ్ చూపే వోల్ట్ మీటరు, మూడూ స్టీరింగ్ పక్కనే ఆయన కళ్ళ ముందు బిగించాను. సెన్సర్‌ను వేడినీళ్ళలో ముంచి, థర్మామీటరుతో సరిచూసుకున్నాకే ఇంజిన్‌లో పెట్టాను. వైర్లన్నీ సోల్డరింగ్ చేసి, స్లీవు తొడిగి, గ్రోమెట్ నొక్కి పెట్టాను. ఇద్దరూ తృప్తిగా వెళ్ళారు.

కొన్నాళ్ళకే మళ్ళీ వచ్చారు. మళ్ళీ ఇంజిన్ వేడెక్కి పొగలు కక్కింది. మీటరు సరిగ్గానే చూపించింది, ఆయనే చూడలేదు. ఇన్నేళ్ళూ చెవితో బండి నడిపిన మనిషి. కళ్ళు రోడ్డు మీద పెట్టడం తప్ప వేరే అలవాటు లేదు. బజరు పెట్టనా అని అడిగాను, ఒక బల్బు పెట్టనా అని కూడా అడిగాను.

కారు లోపలి నుంచి మణెమ్మ నవ్వింది. "బజరు పెడితే చెవిటోని ముందల శంకమూదినట్టే మరిదీ. బల్బు పెడితే ఈ ఎండల ఎలిగిందా ఆరిందా ఏం కనబడ్తది? మీ అన్న పెండ్లయిన కాడికెల్లి నేను చెప్పింది ఎన్నడన్న ఇన్నడా? ఇప్పుడు చెవులు పోయినయని సాకు దొరికింది."

"మరి ఏం చేద్దామంటవు వదినా?"

"అవి తీసి నా ముందల పెట్టు. ఊకెనే కూసుంట గద. నేను చూస్త."

కుర్మయ్యకు ఆమె మాటలు సగమే అందినట్టున్నాయి, నా వైపు చూశాడు. నేను చెవి దగ్గర చెబితే ఆలోచించి, సరే పెట్టు అన్నాడు. ఇరవై కాదు ముప్పై కాదు, ఎన్నో డాష్‌బోర్డులు విప్పాను కానీ, డ్రైవరుకు కాకుండా పక్క సీటుకు మీటర్లు బిగించింది అదే మొదటిసారి. ఆమె చదువుకోలేదు, అంకెలు తెలియవు. అందుకని ఒక్కో మీటరు అద్దం మీద ఎర్ర రంగుతో గీత గీశాను. వేడి మీటరుకు ఆమె నీళ్ళ మీటరు అని పేరు పెట్టింది. మిగతావి నూనె మీటరు, కరెంటు మీటరు.

ముల్లు గీత దాటితే ఆయనకు చెప్పేదెట్లా? అందుకు కుర్మయ్య దగ్గర ఉపాయం ఉంది. బోరుబండి నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని బోరుబండి మనుషులు చేత్తో కొట్టి మాట్లాడుకుంటారట. భుజం మీద ఒక దెబ్బ అంటే నెమ్మది. రెండు దెబ్బలంటే ఆపు.

"రెండు దెబ్బలు పడితే లివర్ బంద్ చేసి మిషన్ దిక్కు ఉరకాలె తమ్మీ" అని నాకు వివరించాడు. "కొట్టినోని మొకం చూస్కుంట నిలబడితే లోపల రాడ్లు ఇరుక్కపోతయి. మనిషి దిక్కు చూడొద్దు. మిషన్ దిక్కే చూడాలె. మాకు గట్లనే నేర్పిండ్రు."

మణెమ్మ అక్కడే ఆయన భుజం మీద ఒకసారి, రెండుసార్లు కొట్టి చూసుకుంది. రెండోది కొంచెం గట్టిగానే తగిలింది. ఇన్నాళ్ళకు నిన్ను కొట్టే మోకా దొరికిందని నవ్వింది.

ఆ తర్వాత ఏడాది దాకా ఆ కారు దారిలో ఆగలేదు. ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు అప్పుడప్పుడు షాపు ముందు ఆపేవాళ్ళు. డయాలసిస్ అయ్యాక ఆమె సోలిపోయి ఉండేది, అయినా మీటర్ల సంగతి మాత్రం చెప్పకుండా కదలనిచ్చేది కాదు. ఒకసారి అన్నది, "మరిదీ, ముల్లు ఇన్ని దినాలు గుట్ట ఎక్కినంకనే లేస్తుండె. ఇప్పుడు గుట్ట కిందనే లేస్తుంది. ఏడనో నీళ్ళు కారుతున్నయ్ చూడు."

బానెట్ ఎత్తి చూస్తే నిజమే. రేడియేటర్ పైపు క్లాంపు దగ్గర చెమట పట్టినట్టు నీళ్ళు ఊరుతున్నాయి. మా దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు కూడా అంత త్వరగా దొరకదు. ఆ మాటే చెబితే ఆమె ముఖం విప్పారింది.

"ఇంట్ల చీపిరి ముట్టనిస్తలేరు, పొయ్యి కాడికి పోనిస్తలేరు. అందరికి బరువైపోతిని అనుకుంటుంటి. ఈ పనన్న ఒకటి దొరికింది నాకు" అన్నది.

ఇంకో రోజు కుర్మయ్య రేడియేటర్‌లో డబ్బాతో నీళ్ళు పోస్తుంటే చూస్తూ, "కారుకేమో డబ్బలకు డబ్బలు పోస్తడు. నేను గుక్కెడడిగితే డాక్టర్ వద్దన్నడంటడు" అని నవ్వింది. కిడ్నీ రోగులకు నీళ్ళు కొలిచి ఇవ్వాలి. ఆ ఎండలో ఆమె ఆ నీళ్ళ ధార వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. నాకు నవ్వు రాలేదు.

మరుసటి ఎండాకాలంలో చాలా రోజులు వాళ్ళు కనిపించలేదు. దవాఖాన సమయం మారిందేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆ తెల్ల కారు వచ్చింది. ఎడమ సీటు ఖాళీ. కుర్మయ్యకు గుండు చేసి ఉంది. అడగాల్సిన పని లేకపోయింది. బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిస్తే తాగలేదు.

దినాలు చేసి వచ్చానన్నాడు. తర్వాత, అడగకుండానే, జరిగింది చెప్పాడు.

"ఆ దినం పొద్దున్నుంచే ఆమెకు పానం బాగలేకుండె. జల్ది పోదామని వస్తుంటిమి. గుట్ట ఎక్కుతుంటే భుజం మీద రెండు దెబ్బలు కొట్టింది. బండి ఆపిన, దిగిన, బానెట్ ఎత్తిన. ఇంజన్ అంత కాగి లేదు తమ్మీ. పైపులు చూసిన, బెల్టు చూసిన, కిందికి వంగి చూసిన. ఏడ కారుతలేదు. ఏందిది గిట్ల కొట్టింది అనుకుంట, నిమ్మళంగ మూత తీసి జరన్ని నీళ్ళు పోసిన. మూత పెట్టి, బానెట్ దించి చూస్తి గద..."

ఎత్తిన బానెట్ ముందు అద్దానికి అడ్డం వస్తుంది, లోపల ఏం జరుగుతోందో ముందు నిలబడ్డ మనిషికి కనబడదు. ఆమె పిలిచిందో లేదో ఆయనకు వినపడదు. ఆయన తిరిగి వచ్చేసరికి మణెమ్మ తలుపుకు ఒరిగిపోయి ఉంది. దారిన పోయేవాళ్ళ సాయంతో దవాఖానకు తెచ్చినా అప్పటికే అయిపోయింది.

"ముందుగాల చూసినా చేసేదేం లేకుండె అన్నది డాక్టరమ్మ" అన్నాడు. "అది కాదు తమ్మీ నేను అడిగేది. ఆమె దేనికి కొట్టింది? ముల్లు లేసిందని కొట్టిందా? దమ్ము ఆడక నన్ను పిలిచిందా? నన్ను పిలిస్తే నేను ఇంజన్ కాడికి పోతినా? మొకం దిక్కన్న చూడకపోతినా?"

నేను ఆయన తాగని నీళ్ళ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"నీ మీటరు జర చూడు. అది తప్పు చూపెట్టిందా ఏంది? ఇంజన్ కాగకున్నా ముల్లు లేసిందా? నాకు ఆ ఒక్కటి చెప్పు చాలు."

కారు తాళాలు నా చేతిలో పెట్టి, బెంచీ మీద రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

నేను సెన్సర్ విప్పాను. స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు కాచి, సెన్సర్‌నూ థర్మామీటరునూ ముంచి, ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాను. నీళ్ళు వేడెక్కుతుంటే ముల్లు మెల్లగా లేచింది. థర్మామీటరు ఎంత చూపితే అంతే చూపింది. మళ్ళీ చల్లార్చి మళ్ళీ చూశాను. ఏ తేడా లేదు. మిగతా రెండు మీటర్లూ సరిగ్గానే ఉన్నాయి. వైరు మొత్తం వేలితో తడుముకుంటూ పోయాను. సోల్డరింగ్ చెక్కుచెదరలేదు, స్లీవు బిగువుగా ఉంది, గ్రోమెట్ పెట్టిన చోటే ఉంది. నా పనిలో తప్పు లేదు. పని బాగున్నందుకు నాకు ఏడుపొచ్చిన రోజు అదొక్కటే.

మీటరు సరిగ్గా ఉంది, ఇంజిన్ అంత కాగలేదని ఆయనే చెప్పాడు, అంటే ఆ రోజు ముల్లు లేవలేదు. లేవలేదంటే ఆమె ఆ రెండు దెబ్బలూ కొట్టింది తన కోసమే. ఆ మాట నేను పోయి ఆయనకు చెప్పాలి. చెబితే ఆ మనిషి మిగిలిన బతుకంతా ఆ బానెట్ ముందే నిలబడి ఉంటాడు.

కుర్మయ్య ఇంకా రోడ్డు వైపే చూస్తున్నాడు. నేను సెన్సర్‌ను మళ్ళీ ఇంజిన్‌లో బిగించాను. గ్రోమెట్‌ను స్క్రూడ్రైవరుతో పక్కకు తోశాను. బ్లేడు తీసుకుని, రేకు అంచుకు ఆనే చోట వైరు తొడుగును గీశాను. రాగి బయటపడింది. నా చేతులతో నేను అట్లాంటి పని ఎన్నడూ చేయలేదు. గద్వాలలో నాకు పని నేర్పిన ఉస్తాద్ చూసి ఉంటే చెంప పగలగొట్టేవాడు.

తర్వాత కుర్మయ్యను పిలిచి ఎడమ సీటు దగ్గర నిలబెట్టాను. తాళం తిప్పి, వైరును కొంచెం కదిలించాను. రాగి రేకుకు తగిలింది. చల్లటి ఇంజిన్ మీద ముల్లు ఎగిరి ఎర్రగీత మీద పడింది. వదిలేస్తే కిందికి వచ్చింది.

"రబ్బరు జరిగిపోయింది కుర్మన్నా" అని చెవి దగ్గర గట్టిగా చెప్పాను. "వైరు గీరుకపోయింది. బండి కుదిపినప్పుడల్ల ముల్లు ఉట్టిగనే లేస్తుండొచ్చు. వదిన చూసి కొట్టింది. తప్పు నాదే."

ఆయన బానెట్ వైపు వచ్చి వంగి, ఆ బెజ్జాన్నీ వైరునూ చాలాసేపు చూశాడు. మళ్ళీ ఎడమ తలుపు దగ్గరికి పోయి నిలబడి, "ఇంగోసారి కదిలియ్యి" అన్నాడు.

కదిలించాను. ముల్లు లేచింది.

"అయితే నన్ను పిలువలే ఆమె."

"లేదన్నా. ముల్లు చూసే కొట్టింది. చెప్పిన పని చేసింది."

అప్పుడు ఏడ్చాడు. తలుపు పట్టుకుని, ఆ సీటు మీదికి వంగి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో ఆయనకు తెలియదు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. నేను పక్కనే నిలబడి ఆయన వీపు నిమురుతూ ఉండిపోయాను. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

వైరు మార్చి ఇస్తానంటే వద్దన్నాడు. "గట్లనే ఉండనియ్యి" అని కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ కారును పెద్దగా బయటికి తీయలేదని విన్నాను.

కుర్మయ్య పోయిన ఏడాది చనిపోయాడు. కాబట్టే ఇప్పుడు ఇది రాస్తున్నాను. కొల్లాపూర్ వైపు నుంచి వచ్చే డ్రైవర్లు కొందరు ఇప్పటికీ, "అన్నా, రబ్బర్లు మంచిగ బిగియ్యి, కుర్మయ్య కారుకు చేసినట్టు చేయకు" అంటుంటారు. మొదట్లో ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకునేది. ఇప్పుడు తల ఊపి, వాళ్ళ కళ్ళ ముందే గ్రోమెట్ ఇంకోసారి నొక్కి చూపిస్తాను.

ఈ పని గురించి తెలుసుకోవాలనుకునే వాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. మీటరు ఎంత సరిగ్గా ఉన్నా అది ఇంజిన్ సంగతి మాత్రమే చెబుతుంది. ఇప్పుడు ఎవరికి మీటర్లు బిగించినా, బండి ఆపగానే ముందు పక్క సీటు వైపు చూడండి, తర్వాతే బానెట్ ఎత్తండి అని చెబుతాను. కొందరు వింతగా చూస్తారు. చూడనీ. ఇంకొకటి, నిజాన్ని కొలిచే పనిలో ఉన్నంత మాత్రాన కొలిచిందల్లా మనిషి చేతిలో పెట్టాలని లేదు. అది నాకు ఏ ఉస్తాదూ నేర్పలేదు.

కానీ నేను ఆయన్ని నమ్మించగలిగానో లేదో నాకే తెలియదు. రాపిడికి గీరుకుపోయిన వైరులో రాగి నల్లబడి ఉంటుంది. నేను బ్లేడుతో గీసిన చోట అది తళతళా మెరిసింది. జీవితమంతా మిషన్ల మధ్య బతికిన మనిషికి పాత గాటుకూ కొత్త గాటుకూ తేడా తెలియకుండా ఉండదు. ఆయన వంగి చాలాసేపు చూసింది దాన్నే. చూసిన తర్వాతే ఇంకోసారి కదిలియ్యమన్నాడు.